మయూరశిఖిని రాతి పగుళ్లలో గుర్తుపట్టడం, పీకకుండా ఇంట్లో పెంచుకోవడం ఎలా?

వానలు మొదలైన ప్రతిసారీ పాఠకుల నుంచి రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తుంటాయి. గుట్ట మీదనో పాత గోడ మీదనో కనిపించిన బుల్లి తాటిచెట్టు లాంటి మొక్క మయూరశిఖేనా అన్నది మొదటిది. దానిని పీకి తెచ్చి కుండీలో నాటితే నెల తిరగకుండానే ఎందుకు పోయిందన్నది రెండవది. ఈ రెండింటికీ జవాబు ఆ మొక్క పెరిగిన పగులులోనే దొరుకుతుంది. ఆ పగులు ఎలా ఉందో, అందులో తడి ఎంతకాలం నిలుస్తుందో, ఎండ ఏ పూట పడుతుందో గమనించిన వారికి మొక్కను గుర్తుపట్టడమూ తేలికవుతుంది, ఇంట్లో పెంచడమూ సాధ్యమవుతుంది. అందుకే ఈ వ్యాసంలో ముందుగా చోటును చదవడం, తరువాత మొక్కను నిర్ధారించుకోవడం, ఆ తరువాతే పెంపకం గురించి వరుసగా చెబుతున్నాను.

తెలిసి ఉండవలసిన కాస్త నేపథ్యం

మయూరశిఖి శాస్త్రీయ నామం ఆక్టినియోప్టెరిస్ రేడియాటా. ఇది టెరిడేసీ కుటుంబానికి చెందిన చిన్న బహువార్షిక ఫెర్న్. సాధారణంగా జానెడు ఎత్తు మించదు. చాలా చోట్ల అందులో సగం కూడా ఉండదు. ఆఫ్రికా, అరేబియా, ఇరాన్ మొదలుకొని భారతదేశం, శ్రీలంక వరకు పొడి వాతావరణం గల రాతి నేలల్లో ఇది పెరుగుతుంది. మన దేశంలో ఆరావళి కొండల నుంచి దక్కన్ పీఠభూమి మీదుగా నల్లమల, శేషాచలం కొండల వరకు దీని ఉనికి ఉంది.

ఫెర్న్ గనుక దీనికి పూలు, కాయలు, విత్తనాలు ఉండవు. ఆకు అంచున తయారయ్యే సిద్ధబీజాలు గాలికి ఎగిరి, తడి నిలిచే సందులో పడి మొలకెత్తుతాయి. అయితే సిద్ధబీజం నుంచి నేరుగా మయూరశిఖి రాదు. ముందుగా కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు గల పలుచని ఆకుపచ్చ పొర వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ప్రోథాలస్ అని చదువుకున్నది ఇదే. ఈ పొర మీద నీటి తడి ఉన్నప్పుడే పురుష కణాలు ఈదుకుంటూ స్త్రీ కణాన్ని చేరతాయి, అప్పుడే అసలు మొక్క పుడుతుంది. పెరిగిన మయూరశిఖి నెలల తరబడి ఎండను తట్టుకుంటుంది గానీ, దాని తొలి దశ మాత్రం వారాల తరబడి తడి లేనిదే గడవదు. బండ మీద కాకుండా పగులులోనే ఇది ఎందుకు కనిపిస్తుందో దీనిని బట్టి అర్థమవుతుంది.

కావలసినవి

గుర్తుపట్టడానికి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, చిన్న స్కేలు, దగ్గరి ఫోటోలు తీయగల ఫోను, నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. రాళ్ల మీద జారని చెప్పులు వేసుకోండి. పగుళ్లలో తేళ్లు, పాములు ఉంటాయి కాబట్టి ఒక పొడవాటి పుల్ల వెంట ఉంచుకోండి. చూడకుండా సందులో వేలు పెట్టవద్దు.

పెంచడానికి కావలసినవి ఇవి: కాగితపు కవర్లు, మడత లేని తెల్లకాగితం, మూత గల పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా (మిఠాయి దుకాణంలో ఇచ్చేది సరిపోతుంది), ముతక ఇసుక, మెత్తగా దంచిన ఇటుక ముక్కలు, జల్లించిన ఆకు ఎరువు, ప్రెషర్ కుక్కర్, సన్నని తుంపర పడే స్ప్రేయరు, కాచి చల్లార్చిన వాన నీరు, వెడల్పాటి మట్టి కుండీ, అరచేయంత రాళ్లు నాలుగైదు. పాత సున్నపు గోడ రాలిన ముక్కలు దొరికితే మంచిదే. గ్రానైటు పగుళ్లలో సున్నం లేకుండానే ఈ మొక్క పెరుగుతోంది కాబట్టి అవి దొరకలేదని ఆగిపోనవసరం లేదు.

మొదటి భాగం: చోటును, మొక్కను గుర్తించడం

1. సరైన కాలాన్ని ఎంచుకోండి. తొలకరి పడిన రెండు మూడు వారాల నుంచి చలికాలం మొదలయ్యేదాకా ఆకులు విచ్చుకుని పచ్చగా ఉంటాయి. తెలంగాణలోనూ, ఉత్తర కోస్తాలోనూ జూలై నుంచి అక్టోబరు వరకు వెతకడం మేలు. ఈశాన్య రుతుపవనాల మీద ఎక్కువగా ఆధారపడే నెల్లూరు, చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో డిసెంబరు దాకా సమయం ఉంటుంది. ఏప్రిల్‌లో వెళితే ముడుచుకుపోయిన గోధుమరంగు పోచలు తప్ప ఏమీ కనిపించవు. వాటిని ఎండుగడ్డి అనుకుని దాటిపోతారు.

2. మొక్క కోసం కాదు, పగులు కోసం వెతకండి. అనుకూలమైన పగులుకు కొన్ని లక్షణాలు ఉంటాయి. అది సన్నగా, లోతుగా ఉంటుంది; లోపల చిటికెడు మట్టి చేరి ఉంటుంది; వాన వెలిసిన మరునాడు కూడా లోపలి తడి ఆరదు; అలాగని నీరు నిలవదు, కిందికి జారిపోతుంది. రోజంతా ఎండ కొట్టే నున్నని బండ మీదకన్నా, ఉత్తరానికో తూర్పుకో తిరిగి మధ్యాహ్నపు ఎండ తప్పించుకునే రాతి ముఖం మీద దొరికే అవకాశం ఎక్కువ. రెండు బండలు కలిసే సందు, పొడి వాగుల ఒడ్డున నిలువుగా చీలిన రాళ్లు, పాత మెట్ల బావుల పైవరసలు, కోట గోడలు, సున్నంతో కట్టిన ప్రాకారాలు తప్పక చూడవలసిన చోట్లు. సిమెంటు పూసిన గోడల మీద సమయం వృథా చేయవద్దు. సున్నపు అతుకు నీటిని పీల్చుకుని మెల్లగా వదులుతుంది, కాలక్రమంలో పగులు ఇస్తుంది. సిమెంటు ఈ రెండూ చేయదు. పాత గోడలకు సిమెంటుతో మరమ్మతు చేసిన చోట ఫెర్న్‌లు మాయమవడానికి ఒక ప్రధాన కారణం ఇదే.

3. చుట్టుపక్కల ఏ మొక్కలు ఉన్నాయో చూడండి. ఆకు అడుగున తెల్లని పిండి పూసినట్లుండే వెండి ఫెర్న్, హంసపాది అనే మరో ఫెర్న్, రకరకాల నాచులు కనిపిస్తే మీరు సరైన చోటనే ఉన్నారు. ఎప్పుడూ నీరు ఊరే గోడ, నూతి లోపలి చెమ్మ వరసలు, నీడ నిండిన వాగు గట్టు అయితే అక్కడ హంసపాది జాతులు దొరుకుతాయి గానీ మయూరశిఖి అరుదు. ఏటా కొన్ని నెలలైనా పూర్తిగా ఎండిపోయే చోటునే ఇది ఇష్టపడుతుంది. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: ఫెర్న్ అనగానే జలపాతం పక్కన వెతకడం మొదలుపెడతారు.

4. మొక్కను నాలుగు గుర్తులతో నిర్ధారించుకోండి. నాలుగూ కలిస్తేనే పేరు రాసుకోండి. మూడు కలిసి ఒకటి కలవకపోతే ప్రశ్నార్థకం పెట్టి ఫోటోలతో సరిపెట్టండి.

మొదటి గుర్తు ఆకు ఆకారం. సన్నని కాడ కొసన విసనకర్రలా పరుచుకున్న పత్రం ఉంటుంది. అందులోని ప్రతి చీలిక మళ్లీ రెండుగా, ఆ రెండూ మళ్లీ రెండేసిగా చీలి, మిల్లీమీటరు వెడల్పు గల పోచలుగా ముగుస్తాయి. కాడ మొదలైన బిందువు నుంచి పోచల కొసల దాకా ఈ జంట చీలికను భూతద్దంతో అనుసరించి చూడండి. నడి ఈనె ఉండి దానికి అటూ ఇటూ చిరు ఆకులు ఉంటే అది మయూరశిఖి కాదు.

రెండవ గుర్తు ఆకు అడుగుభాగం. కొన్ని ఆకుల పోచల అంచులు వెనక్కి మడిచి ఉంటాయి. ఆ మడత కింద, అంచు పొడవునా గీత గీసినట్లు సిద్ధబీజాశయాలు, అంటే సిద్ధబీజాలు తయారయ్యే బుల్లి సంచులు ఉంటాయి. ఇవి గల ఆకులు తక్కిన వాటికన్నా కాస్త పొడవుగా నిటారుగా నిలబడతాయి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది వేరే ఫెర్న్.

మూడవ గుర్తు మొదలు. ఆకులన్నీ ఒకే పొట్టి కొమ్ము (సందులో దాగి ఉండే కాండం) నుంచి కుచ్చుగా వస్తాయి. ఆ కొమ్ము మీద ముదురు రంగు సన్నని పొలుసులు దట్టంగా ఉంటాయి. దీనిని చూడడానికి మొక్కను లాగనవసరం లేదు. ఆకుల కాడలను మెల్లగా పక్కకు జరిపి, ఫోను దీపం వేసి చూస్తే చాలు.

నాలుగవ గుర్తు తడికి స్పందించడం. ఎండిపోయి ముడుచుకున్న ఆకు మీద నీరు చల్లి మరునాడు వచ్చి చూడండి. పోచలు విడివడి, విసనకర్ర తిరిగి పరుచుకుని, పచ్చదనం వస్తూ ఉంటుంది. ఇది ఒంటరిగా చాలిన రుజువు కాదు, ఎందుకంటే రాళ్ల మీద పెరిగే మరికొన్ని ఫెర్న్‌లూ ఇలాగే తేరుకుంటాయి.

5. పొరబడే అవకాశం ఉన్న మొక్కలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చండి. తాటి, ఈత మొలకలకు మొదట ఒకే కత్తిలాంటి ఆకు వస్తుంది, అది జంటలుగా చీలదు. పైగా గట్టిగా, గరుకుగా ఉంటుంది. తుంగ జాతి గడ్డి మొక్కల్లో కొసన గొడుగులా ఆకులు పరుచుకున్నా మధ్యలో పూల గుత్తి ఉంటుంది. సంజీవని పేరుతో సంతల్లో, గుడుల దగ్గర అమ్మే ముడుచుకున్న ఉండలు సెలజినెల్లా బ్రయోప్టెరిస్ అనే మొక్కవి. అదీ నీటిలో వేస్తే విచ్చుకుంటుంది, కానీ దాని కొమ్మల నిండా సూక్ష్మమైన పొలుసు ఆకులు ఉంటాయి, విసనకర్ర పత్రం ఉండదు.

ఇంతకన్నా పెద్ద గందరగోళం పేరుతో వస్తుంది. కోడిజుట్టు పువ్వును, ఆకు కొస నేలకు తాకి అక్కడే వేరూనే అడియాంటమ్ కాడేటమ్ అనే ఫెర్న్‌ను కూడా కొన్ని ప్రాంతాల్లో మయూరశిఖ అనే పిలుస్తారు. మూలికల దుకాణంలో ఆ పేరుతో ఇచ్చినది ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. కాబట్టి ఎండుమూలికను చూసి మొక్కను పోల్చుకోవద్దు. ఔషధం కోసం అడిగే పాఠకులకు నా మాట ఒక్కటే: మీరు స్వయంగా గుర్తుపట్టిన మొక్కను మందుగా తీసుకోకండి, అర్హత గల వైద్యుడిని సంప్రదించండి.

6. నమోదు చేసుకోండి. ప్రతి మొక్కకు కనీసం నాలుగు ఫోటోలు తీయండి: చోటంతా కనిపించేలా దూరం నుంచి ఒకటి, స్కేలు పక్కన పెట్టి మొక్క మొత్తం ఒకటి, ఆకు అడుగుభాగం దగ్గరగా ఒకటి, మొదలు ఒకటి. ఆకు అడుగుభాగం లేని ఫోటోతో ఫెర్న్ పేరు చెప్పమని అడిగితే నిపుణులకు కూడా కష్టమే. మాకు వచ్చే ఫోటోల్లో ఎక్కువ భాగం పైనుంచి తీసినవే. తేదీ, రాయి రకం, పగులు ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఎండ ఏ పూట పడుతోంది, సుమారు ఎన్ని కుచ్చులు ఉన్నాయి అన్నవి నోటుపుస్తకంలో రాయండి. మొక్కలు, జంతువుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో గానీ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ పెడితే ఇతరులు పరిశీలించి పేరును ధ్రువీకరిస్తారు. మూలికల కోసం తవ్వేవారు తిరిగే ప్రాంతమైతే కచ్చితమైన స్థానం అందరికీ కనిపించకుండా మరుగుపరిచే సెట్టింగును వాడండి.

రెండవ భాగం: సిద్ధబీజాల నుంచి పెంచడం

పీకిన మొక్క ఎందుకు బతకదో ముందుగా చెప్పాలి. కొమ్ము రాతి సందులో బిగుసుకుని ఉంటుంది. వెంట్రుకల్లాంటి వేళ్లు రాతి గోడలను అంటిపెట్టుకుని తేమను పీల్చుతుంటాయి. పైనుంచి లాగితే ఆకులూ కొమ్ములో కొంత భాగమూ చేతికి వస్తాయి, వేళ్లన్నీ పగులులోనే ఉండిపోతాయి. ఇంటికి తెచ్చి ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపిన కుండీలో పాతి రోజూ నీరు పోస్తే మిగిలిన కొమ్ము కుళ్లుతుంది. అలా ఒక కుచ్చు పోతే ఆ పగులులో మళ్లీ మరొకటి స్థిరపడడానికి ఎన్నో వానాకాలాలు పట్టవచ్చు. సిద్ధబీజాల పద్ధతికి ఓపిక కావాలి, కానీ తల్లి మొక్కకు నష్టం ఉండదు, ఒక్క ఆకు ముక్కతో పదుల కొద్దీ మొక్కలు వస్తాయి.

7. అనుమతి ఉన్న చోట మాత్రమే సేకరించండి. అభయారణ్యాలలో, జాతీయ పార్కులలో మొక్కలు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలు, శేషాచలంలోని శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు దీని కిందికే వస్తాయి. రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి కావాలి. 1958 నాటి చట్టం కింద రక్షిత కట్టడాలుగా ప్రకటించిన కోటల, గుడుల గోడలను గీకడం, తవ్వడం చేయకూడదు. మీ సొంత పొలంలోని గుట్ట, బంధువుల ఇంటి పాత ప్రహరీ, యజమాని ఒప్పుకున్న బావి గోడ లాంటివి చూసుకోండి. ఇప్పటికే కుండీలో ఈ మొక్కను పెంచుతున్నవారు తెలిసి ఉంటే వారి నుంచి ఒక ఆకు అడగడం అన్నింటికన్నా ఉత్తమం.

8. పండిన ఆకును ఎంచుకోండి. వానలు మొదలైన రెండు మూడు నెలల తరువాత, వెనక్కి మడిచిన అంచుల కింద భూతద్దంతో చూడండి. మడత బిగువుగా ఉండి లోపల లేతగా కనిపిస్తే ఇంకా పండలేదు. మడత కొద్దిగా పైకి లేచి లోపల ముదురు గోధుమరంగు గింజల వరుస నిండుగా ఉంటే అదే అదను. మడత పూర్తిగా విప్పుకుని, పీచు పీచుగా చిరిగిన పొట్టు మాత్రమే కనిపిస్తే సిద్ధబీజాలు అప్పటికే ఎగిరిపోయాయి. అయిదారు ఆకులు, అంతకన్నా ఎక్కువ ఉన్న కుచ్చు నుంచి ఒక్క ఆకును, అది కూడా కత్తెరతో పత్రం వరకే కత్తిరించండి. ఒకటి రెండు ఆకులే ఉన్న చిన్న మొక్కను తాకవద్దు.

9. ఆకును కాగితపు కవరులో వేసి, అంచులు మడిచి, గాలి ఆడని పొడి చోట రెండు మూడు రోజులు ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మ పట్టి బూజు వస్తుంది. కవరు విప్పి తెల్లకాగితం మీద మెల్లగా తడితే గోధుమరంగు పొడి రాలుతుంది. అందులో సిద్ధబీజాలతో పాటు సిద్ధబీజాశయాల పొట్టు కూడా ఉంటుంది. ఆ పొట్టును అలాగే చల్లితే బూజుకు మొదటి ఆహారం అదే అవుతుంది. కాగితాన్ని కొద్దిగా వాల్చి వెనుక నుంచి వేలితో తట్టండి. పొట్టు ముందుగా దొర్లిపోతుంది, కాగితాన్ని అంటుకుని మిగిలిన సన్నని దుమ్మే మీకు కావలసినది. ఈ పని చేసేటప్పుడు ఫ్యాను ఆపండి. వెంటనే చల్లడం కుదరకపోతే మరో చిన్న కాగితపు పొట్లంలో మడిచి, తేదీ, చోటు రాసి, పొడిగా చల్లగా ఉన్న చోట దాచండి.

10. విత్తే మిశ్రమాన్ని సిద్ధం చేయండి. ముతక ఇసుక రెండు వంతులు, ఇటుక పొడి ఒక వంతు, జల్లించిన ఆకు ఎరువు ఒక వంతు కలిపి తడపండి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, నీరు కారకూడదు. దీనిని గిన్నెలో వేసి మూతపెట్టి కుక్కర్‌లో అరగంట ఆవిరి మీద ఉడికించి, మూత తీయకుండా పూర్తిగా చల్లారనివ్వండి. కుక్కర్ వాడడం ఇష్టం లేనివారు వడపోత గుడ్డ పరిచిన పాత్రలో మిశ్రమం మీద రెండు మూడు సార్లు మరుగుతున్న నీరు పోయవచ్చు. ఫలితం కొంత తక్కువగా ఉంటుంది కానీ పని జరుగుతుంది. ప్లాస్టిక్ డబ్బాను వేడినీటితో కడిగి ఆరబెట్టి, మిశ్రమాన్ని రెండు అంగుళాల మందాన నింపి పైభాగం చదును చేయండి.

ఈ మెట్టును దాటవేసేవారే ఎక్కువ. మామూలు మట్టిలో నాచు, పాచి, బూజు, కలుపు విత్తనాలు అన్నీ ఉంటాయి. అవి వారంలో పైచేయి సాధిస్తాయి, మయూరశిఖి తొలి పొర కళ్లకు కనిపించడానికే కొన్ని వారాలు కావాలి.

11. పలుచగా చల్లి మూత పెట్టండి. కాగితాన్ని డబ్బా మీద వంచి తట్టితే చాలు. దుమ్ము కంటికి కనిపించీ కనిపించనట్లు పడాలి. దట్టంగా పడితే పొరలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఏదీ ఎదగదు. పైన మట్టి కప్పవద్దు, సిద్ధబీజాలు మొలకెత్తడానికి వెలుతురు అవసరం. మూత బిగించి, విత్తిన తేదీని మూత మీద రాయండి. నేరుగా ఎండ పడని, పుస్తకం చదువుకోగలిగినంత వెలుతురు ఉండే కిటికీ దగ్గర ఉంచండి. 20 నుంచి 28 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత అనుకూలం కనుక తెలుగు ప్రాంతాల్లో అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఈ పని పెట్టుకోవడం మంచిది. మూతకు లోపలివైపు సన్నని ఆవిరి పొర ఉంటే నీరు చాలినట్లే; మూత పూర్తిగా పొడిగా కనిపిస్తేనే కాచి చల్లార్చిన నీటిని తుంపరగా కొట్టండి.

12. ఏం మొలిచిందో పరీక్షించండి. రెండు నుంచి ఆరు వారాల్లో పైభాగం మీద పచ్చని ఛాయ వస్తుంది. అది మయూరశిఖే అని అప్పుడే సంతోషించకండి. జిగురుగా, మెరుస్తూ, వేలికి అంటుకునేది పాచి. ఆకుపచ్చని దారాల్లా మొదలై తరువాత చిన్న చిన్న ఆకుల కాడలుగా నిలబడేది నాచు. తెల్లని సాలెగూడులా వ్యాపించేది బూజు. దానిని కాచిన చెంచాతో చుట్టూ అర అంగుళం మట్టితో సహా తీసి పారవేసి, మూతను రోజుకు పది నిమిషాలు తెరిచి ఉంచండి. నేలకు అంటుకుని బల్లపరుపుగా, వెలుతురు దాటి కనిపించేంత పలుచగా, ఒకవైపు నొక్కుతో హృదయాకారంలో ఎదిగే కొన్ని మిల్లీమీటర్ల పొరలే మీరు ఎదురుచూసేవి. భూతద్దంతో వారానికి ఒకసారి మూత మీద నుంచే చూడండి.

13. పొరలు గోరు కొనంత ఎదిగాక తుంపరను పెంచండి. పొరల మీద నీటి పొర నిలిచేలా వారానికి రెండు సార్లు, ఉదయం పూట మెల్లగా కొట్టాలి. ఫలదీకరణకు ఈ నీరే దారి. పొరలు పచ్చగా ఉండి నెలల తరబడి ఏ ఆకూ రాకపోతే ఈ మెట్టులోనే లోపం ఉందని గ్రహించండి. అన్నీ సరిగా సాగితే విత్తిన మూడు నుంచి ఆరు నెలల మధ్య పొర నొక్కు నుంచి తొలి ఆకు లేస్తుంది. అది విసనకర్రలా ఉండదు. చిన్నగా, రెండు మూడు చీలికలతో ఉంటుంది. ఇది వేరే మొక్క అని పీకేయవద్దు. ఆకులు ఒకదాని తరువాత ఒకటి వస్తున్న కొద్దీ చీలికల సంఖ్య పెరుగుతుంది.

14. మొక్కలకు బయటి గాలిని అలవాటు చేస్తూ మూతను మెల్లమెల్లగా తొలగించండి. ఒక్కో మొక్కకు మూడు నాలుగు ఆకులు వచ్చాక మొదటి వారం మూతను కొద్దిగా పక్కకు జరపండి, రెండవ వారం సగం తెరవండి, మూడవ వారం పూర్తిగా తీయండి. ఒక్కసారిగా తీస్తే లేత ఆకులు ఒక్క మధ్యాహ్నంలో వాడిపోతాయి, అవి పెద్ద మొక్కల్లా తిరిగి లేవవు. వేసవి మధ్యలో ఈ దశ వచ్చిందంటే తొందరపడకుండా తొలకరి దాకా మూతతోనే ఉంచండి.

15. కుండీలో పగులును తయారుచేసి నాటండి. వెడల్పాటి మట్టి కుండీ అడుగున పెంకులు వేసి, సగం వరకు ముతక ఇసుక, కంకర నుసి, ఇటుక ముక్కలు, కొద్దిగా ఆకు ఎరువు కలిపిన మిశ్రమం నింపండి. సున్నపు అతుకు ముక్కలు ఉంటే ఒక గుప్పెడు వేయండి. దాని మీద రాళ్లను నిలువుగా, వేలు పట్టేంత సందులతో పేర్చి, సందుల్లో అదే మిశ్రమాన్ని పుల్లతో కూరండి. విత్తిన డబ్బా నుంచి చిన్న మొక్కను దాని కింది మట్టి గడ్డతో సహా చెంచాతో లేపి సందులో కూర్చోబెట్టండి. కొమ్ము పైభాగం గాలికి తగులుతూ ఉండాలి. మట్టితో కప్పితే కుళ్లుతుంది. పశువుల ఎరువు, వేపపిండి, రసాయన ఎరువులు ఏవీ వద్దు. కుండీని ఉదయపు ఎండ పడి మధ్యాహ్నానికి నీడ వచ్చే తూర్పు వైపు పెట్టండి.

నీరు, వేసవి, చచ్చిందో నిద్రపోతోందో తెలుసుకోవడం

తొలి ఏడాది మొక్కలను పూర్తిగా ఎండనివ్వకండి. రెండవ ఏడాది నుంచి వాటి సహజ క్రమాన్ని పాటించండి: వానాకాలంలో ఆరుబయట తడవనివ్వాలి, చలికాలంలో పైమట్టి ఆరాకే నీరివ్వాలి, మార్చి నుంచి తొలకరి దాకా పది పదిహేను రోజులకు ఒకసారి కాస్త తుంపర చాలు. బోరు నీటిలోని లవణాలు రాళ్ల మీద తెల్లని పొరగా పేరుకుంటాయి కాబట్టి వీలైనంత వరకు వాన నీటినే వాడండి. ఏసీ నీరు పట్టి వాడుతున్నామని కొందరు రాశారు; ఆ నీటిలో లవణాలు ఉండవు గనుక ఫర్వాలేదు, పాత్ర శుభ్రంగా ఉంటే చాలు.

వేసవిలో ఆకులు ముడుచుకుని గోధుమరంగుకు మారగానే కుండీని పారవేసేవారు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక సాయంత్రం కుండీని బాగా తడిపి, నీడలో ఉంచి, రెండు రోజులు గమనించండి. పోచలు విడివడి పచ్చబారితే మొక్క నిద్రలో ఉన్నదే. తడిసినా రంగు మారకుండా మెత్తగా వేలాడితే ఆ ఆకులు పోయినట్లు. అయినా కొమ్ము సంగతి విడిగా చూడాలి. పుల్లతో కొమ్మును తాకినప్పుడు గట్టిగా ఉంటే వాన పడ్డాక కొత్త ఆకులకు అవకాశం ఉంది. నల్లబడి, నొక్కితే అణిగి, దుర్వాసన వస్తే కుళ్లింది. ఆ మట్టిని తీసేసి కొత్త మిశ్రమం నింపాలి. ఈ పరీక్షను వేసవిలో పదే పదే చేయవద్దు. ప్రతిసారీ తేరుకోవడానికి మొక్క తన నిల్వను ఖర్చు పెడుతుంది.

గోడ కూలుస్తున్నారు, ఏం చేయాలి?

రోడ్డు వెడల్పు చేసేటప్పుడో, రాతి క్వారీ విస్తరించేటప్పుడో, పాత ఇల్లు పడగొట్టేటప్పుడో మయూరశిఖి ఉన్న పగులు ఎలాగూ పోతుందంటే, అప్పుడు మాత్రమే పెద్ద మొక్కను తరలించడం సబబు. యజమానిని అడిగి, మొక్కను కాకుండా పగులునే తెచ్చుకోండి. అతుకు చుట్టూ ఉలితో కొట్టి, మొక్క అంటుకున్న రాయిని, సున్నపు ముక్కను విడిపోకుండా ఒకే గడ్డగా తీయాలి. తడి గుడ్డలో చుట్టి, ఇంటికి రాగానే పైన చెప్పిన కుండీ మిశ్రమంలో ఆ గడ్డను యథాతథంగా, అంతకుముందు ఏ వైపు పైకి ఉందో అదే వైపు పైకి ఉండేలా దించండి. నెల రోజులు నీడలో ఉంచి, తుంపర తప్ప నీరు పోయవద్దు. వేసవిలో నిద్రలో ఉన్నప్పుడు తీసినదానికన్నా తొలకరి తరువాత తీసినది కుదురుకునే అవకాశం ఎక్కువ. కూల్చే తేదీ మన చేతిలో ఉండదు కాబట్టి ఏ కాలమైనా ప్రయత్నించండి. అదే సమయంలో పండిన ఆకులు ఉంటే వాటి సిద్ధబీజాలను కూడా విడిగా దాచండి, గడ్డలోని మొక్క దక్కకపోయినా అవి మిగులుతాయి.

ఇంట్లో పెరిగిన మొక్కలు ఎక్కువైనప్పుడు వాటిని అడవిలోనో, కోట గోడలోనో నాటాలనుకోకండి. కుండీ మట్టితో పాటు ఆ చోటికి చెందని కలుపు, పురుగు కూడా వెళతాయి. మీ ఊరి బడి ఆవరణలోనో, పెద్దల అనుమతితో గుడి రాతి ప్రాకారం బయటి వైపునో, సున్నపు అతుకులు ఉండి మధ్యాహ్నపు నీడ పడే చోట ఒకటి రెండు పెట్టి, తొలి రెండు వేసవులు మీరే చూసుకోండి. తక్కినవి అడిగినవారికి కుండీలతో పాటు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు వేసవిలో ముడుచుకుంటుందని కాగితం మీద రాసి అంటించండి.